సత్రాలుగా మారిన ఊళ్ళు: ఇంగ్లండ్ సముద్రతీరంలో ఇళ్ళ కథ

ఈ ఎపిసోడ్ ఇళ్ళ ధరల గురించి. కోకాపేట గురించి కాదు లెండి, కంగారు పడకండి. ఇంగ్లండ్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళ గురించి. "ఆ గోల మనకెందుకు" అనుకునేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, మధ్యలో మనవాళ్ళు కూడా వస్తారు.

ముందు రెండు ఊళ్ళు చూద్దాం. ఇంగ్లండ్ మ్యాప్‌లో నైరుతి మూలన, సముద్రంలోకి చాపిన కాలు లాంటి భాగం ఒకటి ఉంటుంది. అది కార్న్‌వాల్. ఆ కాలి చివర్లో సెయింట్ ఐవ్స్ అనే ఊరు. ఒకప్పుడు చేపలు పట్టేవాళ్ళ ఊరు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల హాస్పిటల్లో నర్సుగానో, హోటల్లో వంటవాడిగానో పనిచేసే మనిషికి ఇల్లు కొనడం మాట దేవుడెరుగు, ఏడాది పొడుగునా ఉండటానికి అద్దెకి దొరకడమే గగనం.

రెండో ఊరు వాయవ్యంలో ఉన్న బ్లాక్‌పూల్. ఇక్కడ ఇళ్ళు చవక. ఇంగ్లండ్ మొత్తం మీద అడుగున ఉండే ధరలు. మరి హాయిగా ఉండాలి కదా? ఇంగ్లండ్‌ ప్రభుత్వం కొన్నేళ్ళకోసారి దేశాన్ని చిన్న చిన్న పేటలుగా విడగొట్టి, ఏ పేట ఎంత వెనకబడి ఉందో లెక్క తీస్తుంది. 2019 లెక్కలో మొత్తం 32,844 పేటలు. అందులో అట్టడుగున ఉన్న పదింటిలో ఎనిమిది ఒక్క బ్లాక్‌పూల్‌లోనే ఉన్నాయి.

ఒక చోట ఇల్లు దొరక్క ఏడుపు. ఇంకో చోట దొరికిన ఇంటితో ఏడుపు. పేపర్లు వీటిని రెండు వేరు వేరు వార్తలుగా రాస్తాయి. నేను చదివినంతలో నాకు అనిపించింది వేరు. రెండింటి జబ్బూ ఒకటే. ఈ ఊళ్ళలో ఇల్లు అనేది అక్కడ ఉండేవాళ్ళని చూసి నడిచే సరుకు కాదు, వచ్చిపోయేవాళ్ళని చూసి నడిచే సరుకు. మన మాటల్లో చెప్పాలంటే, ఊరంతా సత్రం. సత్రానికి జనం వస్తున్నంత కాలం ఒక బాధ, రావడం మానేస్తే ఇంకో బాధ. ఇది ఎలా మొదలైందో చూద్దాం.

18వ శతాబ్దం దాకా ఇంగ్లండ్‌లో సముద్రం అంటే భయం, చేపలు, ఓడలు, అంతే. ఎవరూ సరదాకి వెళ్ళి ఒడ్డున కూర్చునేవాళ్ళు కాదు. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే డాక్టర్ లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. గ్రంథుల జబ్బులకి సముద్రపు నీళ్ళు మందు అని. అందులో మునగడమే కాదండోయ్, తాగమన్నాడు కూడా. డబ్బున్నవాళ్ళు తాగారు. ఆయన మకాం పెట్టిన ఊరు అప్పట్లో ఒక జాలరిపల్లె. తర్వాత దాని పేరు బ్రైటన్ అయింది. 1783లో యువరాజు జార్జ్ అక్కడికి మొదటిసారి వెళ్ళాడు, ఊరు నచ్చింది, అక్కడ భవనం కట్టుకున్నాడు. తర్వాత జాన్ నాష్ అనే వాస్తుశిల్పి దాన్ని మన దేశపు గుమ్మటాలతో, మినార్లతో మార్చి కట్టాడు. అదే రాయల్ పెవిలియన్. స్క్రీన్ మీద ఫోటో చూడండి, ఇంగ్లండ్‌లో ఉందంటే నమ్మబుద్ధి కాదు.

బ్రైటన్‌లోనే ఒక పట్నా మనిషి కూడా ఉన్నాడు. షేక్ దీన్ మొహమ్మద్, పుట్టింది 1759లో. ఆవిరి స్నానం, ఒళ్ళు పట్టడం, అదే మన చంపీ, దాన్ని అక్కడ వైద్యంగా అమ్మి రాజులకి కూడా చేశాడు. 'షాంపూ' అనే మాట ఇంగ్లీషులోకి వెళ్ళింది మన 'చాంపో' నుంచే. ఈయన మీద విడిగా ఒక ఎపిసోడ్ చేయాలి, ఇక్కడ ఆగితే తేలం.

మన కథకి కావాల్సింది ఏంటంటే, ఈ షోకిల్లా మనుషుల కోసం బ్రైటన్ ఒడ్డున 1820లలో వరసగా నాలుగేసి, ఐదేసి అంతస్తుల తెల్లటి ఇళ్ళు కట్టారు. అందులో చాలావరకు సీజన్‌కి అద్దెకి ఇవ్వడానికే. బిల్డర్లు అప్పు తెచ్చి కట్టారు, సీజన్ బాగుంటే లాభం, లేకపోతే దివాలా. అంటే ఆ కాలంలోనే ఆ ఊరి ఇంటి ధర ఆ ఊళ్ళో జీతాలతో సంబంధం తెంచుకుంది. చేపలమ్మే మనిషి ఆదాయాన్ని చూసి ఆ ఇళ్ళకి ధర కట్టలేదు, లండన్ దొర ఆదాయాన్ని చూసి కట్టారు. ఇది గుర్తుపెట్టుకోండి.

తర్వాత రైలు వచ్చింది. లండన్ నుంచి బ్రైటన్‌కి 1841లో, బ్లాక్‌పూల్‌కి 1846లో. దీంతో సముద్రం దొరల చేతుల్లోంచి జారి కూలీల చేతికి వచ్చింది. ఇక్కడే మనం కాసేపు ఆగాలి, ఎందుకంటే బ్లాక్‌పూల్ కథలో మనకి కూడా కాస్త వాటా ఉంది.

బ్లాక్‌పూల్ ఉన్నది లాంకషైర్‌లో. బోల్టన్, ఓల్డ్‌హామ్, బర్న్‌లీ, ఇవన్నీ నూలు మిల్లుల ఊళ్ళు. ఆ మిల్లుల బట్టకి ప్రపంచంలో అతిపెద్ద కొనుగోలుదారు ఎవరనుకుంటున్నారు? మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు వరకూ మన దేశమే. మన చేనేత మగ్గాల కడుపు కొట్టిన మిల్లు బట్ట అని చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో చదువుకున్నాం కదా, ఆ బట్ట నేసిన కూలీలు ఏడాదికి ఒక వారం ఎక్కడికి వెళ్ళేవాళ్ళంటే, ఇదిగో, బ్లాక్‌పూల్‌కి. ఆ కూలీలేమీ సుఖపడలేదు, పొగలో దుమ్ములో చచ్చేంత చాకిరీ. ఏడాదంతా వారం వారం కొన్ని నాణేలు ఒక క్లబ్‌లో చీటీలా వేసుకుని, ఆ ఒక్క వారం ఖర్చు పెట్టేవాళ్ళు. ఆ వారం జీతం కూడా ఉండేది కాదు. జీతంతో కూడిన సెలవు మీద చట్టం 1938లో గానీ రాలేదు.

ఆ సెలవుని 'వేక్స్ వీక్' అనేవాళ్ళు. ఇందులో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. ఒక్కో మిల్లు ఊరికి ఒక్కో వారం. ఈ వారం ఓల్డ్‌హామ్ మొత్తం మూత, ఇంకో వారం ఇంకో ఊరు. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే పక్కా లోడ్ బ్యాలెన్సింగ్. దాంతో బ్లాక్‌పూల్ గదులు ఎండాకాలమంతా నిండుగా ఉండేవి.

ఆ జనానికి తగ్గట్టు ఊరు పెరిగింది. మూడు పియర్లు కట్టారు, సముద్రంలోకి వంతెనలా వెళ్ళే షికారు దారులన్నమాట: 1863, 1868, 1893. 1885లో కరెంటు ట్రామ్. 1894లో 518 అడుగుల టవర్, పారిస్ ఐఫిల్ టవర్‌ని చూసి. వీటి వెనక వీధుల్లో వేల బోర్డింగ్ హౌసులు. ఈ కథకి అసలు హీరో ఆ ఇల్లే. వరసలో అతికించి కట్టిన మూడు నాలుగు అంతస్తుల ఇటుక ఇల్లు. పైనుంచి కింద వరకూ చిన్న చిన్న గదులు. కింద భోజనాల గది. వెనకో, నేలమాళిగలోనో ఇంటావిడ కుటుంబం మొత్తం ఇరుక్కుని ఉండేది, ఎందుకంటే మంచి గదులన్నీ వచ్చినవాళ్ళకి.

ఈ ఇంటావిడల మీద జాన్ వాల్టన్ అనే చరిత్రకారుడు 1978లో ఏకంగా ఒక పుస్తకం రాశాడు. పాత పద్ధతి ఎలా ఉండేదంటే, వచ్చినవాళ్ళు తమ కూరగాయలు, మాంసం తామే తెచ్చుకునేవాళ్ళు, ఇంటావిడ వండి పెట్టేది. పడకకి ఒక రేటు, వండినందుకు ఒక రేటు, బల్ల మీద ఉప్పు, మిరియాల డబ్బాలు వాడుకున్నందుకు ఇంకో రేటు! ఇవాళ టికెట్ బుక్ చేస్తే 'కన్వీనియెన్స్ ఫీజు' అని వేస్తారే, దానికి ముత్తవ్వ అన్నమాట. నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో ఒక విధవరాలో, పెళ్ళికాని ఆడమనిషో తన కాళ్ళ మీద తాను నిలబడగలిగిన కొద్ది వ్యాపారాల్లో ఇది ఒకటి. మిల్లులో ఇరవై ఏళ్ళు పనిచేసి, దాచిన డబ్బుతో బ్లాక్‌పూల్‌లో ఇల్లు తీసుకున్నవాళ్ళు ఎంతోమంది.

ఒక్క విషయం గమనించండి. ఆ ఇల్లు ఎండాకాలం కోసం కట్టింది. ఒక మనిషి వారం పడుకోవడానికి కట్టిన గది. అందులో పొయ్యి ఉండదు, సామాన్లు పెట్టుకునే చోటు ఉండదు. పొద్దున తిని బయటికి వెళ్ళి సాయంత్రం దాకా రాకూడదు, అదీ అక్కడి రూలు. ఆ గదిలో ఒక మనిషి పదేళ్ళు బతుకుతాడని కట్టినవాడు కలలో కూడా అనుకోలేదు.

కానీ బతకాల్సి వచ్చింది. ఎందుకంటే విమానం వచ్చింది. 1950లో వ్లాదిమిర్ రైట్జ్ అనే ఆయన లండన్ నుంచి కోర్సికా దీవికి టికెట్, బస, భోజనం కలిపి ఒక ప్యాకేజీ అమ్మాడు. 1960లు, 70లకి వచ్చేసరికి స్పెయిన్‌కి వెళ్ళడం మామూలైపోయింది. గ్యారంటీ ఎండ, చవక మందు. ఇంగ్లండ్ ఎండాకాలంలో గ్యారంటీ ఏదైనా ఉందంటే వాన మాత్రమే. ఇటు మిల్లులు కూడా ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, వేక్స్ వీక్ అనే మాటకే అర్థం లేకుండా పోయింది. సముద్రపు ఊళ్ళలో గదులు ఖాళీ అయ్యాయి.

ఖాళీ గది ఉన్న యజమాని ఏం చేస్తాడు? ఎవరు అద్దె కడితే వాళ్ళకి ఇస్తాడు. 1980లలో బ్రిటన్‌లో నిరుద్యోగం ముప్పై లక్షలు దాటింది. పని లేనివాళ్ళ బస ఖర్చు ప్రభుత్వం కట్టేది. సరిగ్గా అదే సమయంలో, 1980 హౌసింగ్ చట్టంతో కౌన్సిళ్ళు, అంటే అక్కడి మున్సిపాలిటీలు, తమ సొంత ఇళ్ళని అద్దెకున్నవాళ్ళకే తగ్గింపు ధరకి అమ్మడం మొదలుపెట్టాయి. అమ్మినన్ని మళ్ళీ కట్టలేదు. పేదవాడికి ప్రభుత్వ ఇల్లు తగ్గింది, సముద్రం ఒడ్డున ఖాళీ గది పెరిగింది. రెండూ కలిశాయి. పేపర్లు వెటకారంగా 'కోస్టా డెల్ డోల్' అని పేరు పెట్టాయి, స్పెయిన్ బీచ్ పేర్లని వెక్కిరిస్తూ. 'డోల్' అంటే నిరుద్యోగ భృతి. 1985లో ప్రభుత్వం ఇంకో అడుగు ముందుకేసి, 26 ఏళ్ళ లోపు నిరుద్యోగులు సముద్రపు ఊళ్ళలో బోర్డింగ్ ఇంట్లో రెండు వారాలకి మించి ఉంటే డబ్బు కట్టం అంది. కుర్రాళ్ళు బీచ్‌లో సరదా చేస్తున్నారని కోపం. పని ఎక్కడుందో మాత్రం చెప్పలేదు.

అలా బోర్డింగ్ హౌస్ ఒంటిగది కొంపల గుంపుగా మారింది. గదికో మనిషి, మెట్ల దగ్గర ఉమ్మడి బాత్రూమ్. లండన్‌లో ఇల్లు దొరకనివాళ్ళని అక్కడి కౌన్సిళ్ళు మార్గేట్ లాంటి ఊళ్ళకి పంపడం కూడా జరిగింది.

ఇక బ్లాక్‌పూల్‌లో ఇల్లు చవకైనా జనం ఎందుకు బాగుపడలేదు అన్న ప్రశ్నకి వద్దాం. ఇది కాస్త టెక్నికల్, కానీ నాకు ఈ మొత్తం కథలో బాగా కోపం తెప్పించిన భాగం ఇదే.

2008 నుంచి ప్రైవేటు అద్దెకి ప్రభుత్వ సాయం ఒక ఫార్ములా మీద ఇస్తున్నారు. ఒక ప్రాంతం తీసుకుంటారు, అందులో అద్దెలన్నీ వరస పెడతారు, ఒక గీత గీస్తారు. 2011లో ఆ గీతని కింద నుంచి ముప్పై శాతం దగ్గరికి తెచ్చారు. ఆ గీత దాకా ప్రభుత్వం కడుతుంది. ఫార్ములా వినడానికి బానే ఉంది. కానీ 'ప్రాంతం' అంటే ఏది? బ్లాక్‌పూల్‌ని ఒక్కదాన్నే తీసుకోలేదు. పక్కనే లిథమ్ సెయింట్ ఆన్స్ ఉంది, పేరున్న గోల్ఫ్ కోర్సు, పెద్ద పెద్ద ఇళ్ళు. ఆ తీరం మొత్తాన్ని ఒకే ప్రాంతంగా కలిపేశారు. దాంతో గీత పైకి వెళ్ళింది. ఉదాహరణకి, బ్లాక్‌పూల్ లోపలి వీధుల్లో ఆ గదికి మార్కెట్లో నిజంగా వచ్చేది 80 అనుకోండి, సర్కారు గీత 100 దగ్గర ఉంది అనుకోండి. ఇవి లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు. ఏ యజమాని 80కి ఇస్తాడు? అందరూ 100 అడుగుతారు. గది ఎలా ఉన్నా 100 వస్తుంది. గోడకి చెమ్మ ఉన్నా 100, కిటికీ పగిలినా 100. ఇక బాగుచేయడం దేనికి?

పైగా ఇల్లు కొనే ధర తక్కువ, అద్దె గ్యారంటీ, అంటే పెట్టుబడి మీద రాబడి అదిరిపోతుంది. ఎక్కడో ఉన్నవాడు చూడకుండానే కొంటాడు. చవక ఇల్లు, ఖరీదైన పేదరికం. మామూలుగా 'అఫర్డబిలిటీ' కొలిచేది ఇంటి ధరని జీతంతో భాగించి. 1997లో ఇంగ్లండ్‌లో సగటు మనిషి ఏడాది జీతానికి మూడున్నర రెట్లు ఉన్న ఇల్లు, 2021కి తొమ్మిది రెట్లు దాటింది. ఆ కొలతలో బ్లాక్‌పూల్ ఎప్పుడూ మంచి మార్కులతో పాసవుతుంది. అందుకే ఆ ఒక్క అంకె చూసి ఊరి గురించి తీర్పు చెప్పేవాళ్ళని నేను నమ్మను.

ఇదే కథకి ఇంకా ముదురు రూపం చూడాలంటే తూర్పు తీరంలో జేవిక్ అనే చోటు ఉంది, ఎసెక్స్‌లో. 1928లో ఫ్రాంక్ స్టెడ్‌మన్ అనే వ్యాపారి చిత్తడి నేల కొని ప్లాట్లు వేశాడు. లండన్ కూలీలు ఎండాకాలంలో వచ్చి ఉండే చెక్క గుడిసెల కోసం. వీధులకి కార్ల కంపెనీల పేర్లు: బెంట్లీ, ఆస్టిన్, హిల్‌మన్. కారు కొనలేనివాళ్ళు కారు పేరున్న వీధిలో గుడిసె కొనుక్కున్నారు! యుద్ధంలో లండన్ ఇళ్ళు బాంబులకి కూలాక చాలామంది ఆ గుడిసెల్లోనే స్థిరపడిపోయారు. 1953 జనవరి 31 రాత్రి ఉప్పెన వచ్చి అక్కడ ముప్పై మందికి పైగా చనిపోయారు. దివిసీమ ఉప్పెన గురించి ఇంట్లో పెద్దవాళ్ళ నోట విన్నవాళ్ళకి ఆ రాత్రి ఎలా ఉండి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. తర్వాత కౌన్సిల్ కూల్చేద్దామని చూస్తే జనం ఎదిరించారు, అది వాళ్ళ సొంత ఇల్లు కదా. 2010, 2015, 2019, మూడు లెక్కల్లోనూ ఇంగ్లండ్ మొత్తంలో అత్యంత వెనకబడిన పేట జేవిక్‌లోనే ఉంది.

ఇప్పుడు మళ్ళీ సెయింట్ ఐవ్స్ వెళ్దాం. ఇక్కడ కథ తిరగబడింది. ఇక్కడి పాత ఇళ్ళు సత్రాలుగా కట్టినవి కావు, జాలర్లవే. 19వ శతాబ్దంలో పిల్చర్డ్ అనే చేప, మన కవ్వల చుట్టం అనుకోండి, దాని మీద బతికిన ఊరు. 1877లో రైలు వచ్చింది. తర్వాత చేప తగ్గింది, వలలు పెట్టుకునే అటకలు ఖాళీ అయ్యాయి. సముద్రపు వెలుగు బాగుందని చిత్రకారులు వచ్చి ఆ అటకల్లో చేరారు. 1920లో బెర్నార్డ్ లీచ్ కుండల కార్ఖానా పెట్టాడు, 1939లో శిల్పి బార్బరా హెప్‌వర్త్ వచ్చింది. 1993లో లండన్ టేట్ గ్యాలరీ అక్కడ శాఖ తెరిచింది. కళాకారుల వెనక కళని ఇష్టపడేవాళ్ళు, వాళ్ళ వెనక డబ్బున్నవాళ్ళు. జాలరి ఇల్లు లండన్ మనిషికి 'రెండో ఇల్లు' అయింది, ఏడాదిలో కొన్ని వారాలు వాడుకోవడానికి. మిగతా రోజుల్లో ఫోన్లో బుక్ చేసుకునే పర్యాటకులకి. జాలరి వాడల్లో ఇప్పుడు తలుపు పక్కన తాళంచెవి పెట్టే నంబర్ డబ్బా కనిపిస్తే అర్థం చేసుకోవచ్చు, అది ఎవరూ కాపురం ఉండే ఇల్లు కాదని.

ఇందులో పన్నుల పాత్ర ఉంది. 2017 నుంచి 2020 లోపు ప్రభుత్వం మామూలు అద్దె ఇళ్ళ యజమానులకి అప్పు వడ్డీ మీద ఉన్న పన్ను రాయితీని దశలవారీగా కోసేసింది. సెలవులకి అద్దెకిచ్చే ఇళ్ళకి మాత్రం రాయితీ అలాగే ఉంచింది. ఆ సెలవు ఇల్లు వ్యాపారం కింద నమోదైతే కౌన్సిల్ పన్ను ఉండదు, వ్యాపార పన్ను కట్టాలి. కానీ చిన్న వ్యాపారం కాబట్టి చాలాసార్లు అదీ సున్నా. ఇప్పుడు మీరే యజమాని అనుకోండి. ఒక నర్సుకి ఏడాది పొడుగునా అద్దెకిస్తే పన్ను ఎక్కువ, పర్యాటకులకిస్తే పన్ను తక్కువ, అద్దె ఎక్కువ. ఏం చేస్తారు? ఎవర్నో దుర్మార్గుడు అనక్కర్లేదు. ఫార్ములా ఏం అడిగిందో జనం అదే చేశారు. 2025 ఏప్రిల్‌లో ఆ రాయితీ ఎత్తేశారు గానీ, ఈలోపు ఎన్ని కాపురాలు లేచిపోయాయో.

2016లో సెయింట్ ఐవ్స్ జనం ఒక రెఫరెండం పెట్టుకున్నారు: కొత్తగా కట్టే ఇళ్ళు ఏడాదంతా అక్కడే ఉండేవాళ్ళకే అమ్మాలి. 83 శాతం అవునన్నారు. కోర్టులో సవాలు చేస్తే అక్కడా నిలబడింది. బాగుంది కదా? 2019లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వాళ్ళ పరిశోధన ఒకటి వచ్చింది. కొత్త ఇల్లు కొనలేని డబ్బున్నవాళ్ళు పాత ఇళ్ళ మీద పడ్డారు, లాభం తగ్గిందని బిల్డర్లు కట్టడం తగ్గించారు అని. ఈ పరిశోధన పట్టుకుని "చూశారా, మార్కెట్ జోలికి వెళ్ళకూడదు" అనేవాళ్ళు ఉన్నారు. నేను అలా అనుకోను. రెండు తలుపులున్న ఇంట్లో ఒక్క తలుపుకే గడియ పెడితే దొంగ రెండో తలుపులోంచి వస్తాడు. తప్పు గడియది కాదు కదా. పాత ఇల్లు సెలవు ఇల్లుగా మారకుండా ఆపే అధికారం ఆ ఊరికి ఎవరూ ఇవ్వలేదు.

2022లో ఈశాన్య తీరంలో విట్‌బీ అనే ఊళ్ళో కూడా ఓటింగ్ జరిగింది. డ్రాక్యులా నవలలో వచ్చే ఊరు అదే. కొత్త ఇళ్ళు స్థానికంగా ఉండేవాళ్ళకే అన్నదానికి అనుకూలంగా 2,111, వ్యతిరేకంగా 157. అయితే ఆ ఓటుకి చట్టబలం లేదు, అభిప్రాయం మాత్రమే.

ఈ రెండు కథలూ ఒకే ఊళ్ళో పక్కపక్కనే జరుగుతున్న చోటు మార్గేట్. లండన్‌కి తూర్పున, కెంట్ తీరంలో. 1980ల ఒంటిగది కొంపలు అక్కడ క్లిఫ్టన్‌విల్ అనే పేటలో నిండుగా ఉన్నాయి. 2009 డిసెంబర్‌లో లండన్ నుంచి ఆ వైపుకి హైస్పీడ్ రైలు మొదలైంది, 2011లో టర్నర్ కాంటెంపరరీ అనే గ్యాలరీ తెరిచారు. చిత్రకారుడు టర్నర్ మార్గేట్ వచ్చినప్పుడు సోఫియా బూత్ అనే ఇంటావిడ దగ్గర దిగేవాడు. ఆ ఇల్లు ఉన్న చోటే ఈ గ్యాలరీ. చూడండి, ఆ ఊరి పేరు నిలబెట్టింది కూడా ఒక బోర్డింగ్ ఇల్లే. ఇప్పుడు అదే వీధిలో ఒక ఇంట్లో చెమ్మ గదిలో ఉండే కుటుంబం, పక్కింట్లో లండన్ నుంచి వచ్చిన డిజైనర్. ఆ కుటుంబాన్ని ఖాళీ చేయిస్తే, బాగుచేసి ఇంకో డిజైనర్‌కి ఇవ్వొచ్చు. కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 అనే నిబంధన దానికి పనికొచ్చింది. దాన్ని రద్దు చేస్తూ 2025లో చట్టం వచ్చింది. మార్గేట్‌లోనే 1790లలో పేద క్షయ రోగుల కోసం సముద్రస్నానాల ఆసుపత్రి ఒకటి పెట్టారు. 1996లో మూసేశారు. ఇప్పుడు అది సముద్రం కనిపించే ఖరీదైన ఫ్లాట్లు.

కోవిడ్ వచ్చాక ఈ కథ స్పీడ్ పెరిగింది. ఇంటి నుంచే పని, పైగా 2020 జులైలో స్టాంప్ డ్యూటీకి సెలవు ఇచ్చారు. లండన్ డబ్బు తీరం మీదకి దూకింది. డెవన్‌లో సాల్కోమ్ అనే చిన్న ఊళ్ళో 2022లో సగటు ఇంటి ధర 12 లక్షల పౌండ్లు దాటింది, అంటే సుమారు 12 కోట్ల రూపాయలు. బెంగళూరు, హైదరాబాద్ నుంచి పనిచేసే మనకి 'వర్క్ ఫ్రమ్ హోమ్' అంటే సొంతూరు వెళ్ళడం. అక్కడ చాలామందికి అది ఇంకొకరి సొంతూరు వెళ్ళడం అయింది. 2023 ఆగస్టుకి బ్యాంకు రేటు 5.25 శాతానికి చేరాక జోరు తగ్గింది గానీ, ధర తగ్గినంత మాత్రాన ఇల్లు అందదు. లెక్క చూద్దాం. 2024లో అక్కడ కొత్త నర్సు జీతం ఏడాదికి సుమారు 30 వేల పౌండ్లు. బ్యాంకు మామూలుగా నాలుగున్నర రెట్లు అప్పిస్తుంది, అంటే లక్షా 35 వేలు. కార్న్‌వాల్ మొత్తం మీద సగటు ఇల్లే రెండున్నర లక్షల పైన. ఇద్దరు నర్సులు పెళ్ళి చేసుకుంటే తప్ప సగటు ఇల్లు రాదు!

మనవాళ్ళు వస్తారన్నాను కదా, ఇక్కడే వస్తారు. బ్రిటన్ ఆరోగ్య సేవల్లో 1960ల నుంచీ మన దేశం నుంచి వెళ్ళిన డాక్టర్లకి ఎక్కువగా దక్కినవి అక్కడి డాక్టర్లు వెళ్ళడానికి ఇష్టపడని ఊళ్ళు, విభాగాలు. సముద్రపు ఊళ్ళు అందులో కొన్ని. మన మెడికల్ కాలేజీల్లో చదివి అలా వెళ్ళి స్థిరపడ్డ తెలుగువాళ్ళు ఉన్నారు. ఇప్పుడు నర్సులు, కేర్ హోమ్ వర్కర్లు, బోర్న్‌మత్, బ్రైటన్ లాంటి చోట్ల మాస్టర్స్ చేస్తున్న పిల్లలు. 2021లో ఇంగ్లండ్ చీఫ్ మెడికల్ ఆఫీసర్ క్రిస్ విట్టీ తీరప్రాంతాల ఆరోగ్యం మీద రిపోర్టు ఇచ్చాడు. అక్కడ ముసలివాళ్ళు ఎక్కువ, జబ్బులు ఎక్కువ, కానీ రోగుల సంఖ్యతో పోలిస్తే సీనియర్ డాక్టర్లు 15 శాతం తక్కువ, నర్సులు 7 శాతం తక్కువ అని. ఇల్లు దొరక్కపోతే నర్సు ఎలా వస్తుంది? వీసా మీద వెళ్ళిన అమ్మాయికి హామీ ఉండటానికి అక్కడ చుట్టం ఉండడు, ఆరు నెలల అద్దె ముందే కట్టమంటే కట్టాల్సి వచ్చేది. వెళ్ళబోతున్నవాళ్ళు ఎవరైనా చూస్తుంటే ఒక్క మాట: ఉద్యోగం ఆఫర్ లెటర్ చూసుకున్నంత జాగ్రత్తగా, ఆ ఊళ్ళో అక్టోబర్ నుంచి మే దాకా కాకుండా ఏడాదంతా అద్దెకి ఇచ్చే ఇల్లు దొరుకుతుందో లేదో చూసుకోండి. శీతాకాలం మాత్రమే అద్దెకిచ్చి, ఎండాకాలం రాగానే ఖాళీ చేయమనే పద్ధతి ఆ ఊళ్ళలో మామూలుగా ఉండేది.

2025 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్ కౌన్సిళ్ళు రెండో ఇంటి మీద కౌన్సిల్ పన్ను రెట్టింపు చేయొచ్చు. కార్న్‌వాల్ చేసింది, అక్కడ అలాంటి ఇళ్ళు పదమూడు వేలకి పైగా. ఖజానాకి మంచిదే. ఇల్లు అమ్మకానికి వచ్చినా నర్సు దాన్ని కొనలేదని ఇందాక లెక్క చూశాం. ఆ పన్ను డబ్బుతో ఇళ్ళు కొని అద్దెకిస్తేనే ఆమెకి ఉపయోగం.

బ్లాక్‌పూల్ కౌన్సిల్ ఆ పని చిన్నగా మొదలుపెట్టింది. 2015లో సొంతంగా ఒక హౌసింగ్ కంపెనీ పెట్టి, పాత బోర్డింగ్ హౌసులు మార్కెట్లో కొని, లోపలి గోడలు తీసేసి, వంటిల్లూ బాత్రూమూ ఉన్న మామూలు ఇళ్ళుగా మార్చి, మామూలు అద్దెకి ఇస్తోంది. వారం రోజుల పడకకి కట్టిన గదిని నూరేళ్ళ తర్వాత ఇల్లుగా మారుస్తున్నారన్నమాట. ఒక్కో ఇల్లూ కొని, తవ్వి, చెమ్మ ఆర్పి, మళ్ళీ కట్టాలి. పక్కనే పాత యజమాని అదే వీధిలో ఏమీ చేయకుండా అంతే అద్దె తీసుకుంటూ ఉంటాడు. గీత ఇంకా ఆ తీరం మొత్తాన్ని కలిపే గీస్తున్నారు.

ఇవాళ్టికి ఇంతే. వచ్చే వారం షేక్ దీన్ మొహమ్మద్ కథతో కలుద్దాం. ఉంటాను.